నాలుగున్నర శ్రుతి, నూటపదహార్లు

లారీ కాటా మీదికి ఎక్కుతూ హారను కొట్టింది. రెండున్నర శ్రుతి, అదీ ఓ పిసరు కిందికి జారింది. రాయగడ బండి అనుకుంది గౌరీశ్వరి తల ఎత్తకుండానే. తల ఎత్తి చూస్తే రాయగడ బండే.

"ఎనక సక్రం కిందుంది. ఎక్కించు," అంది కిటికీలోంచి.

"ఎక్కీసిందక్కా."

"ఎక్కితే ముప్పై ఆరు టన్నులెందుకు సూపిత్తాది? నా కాటా ఉపోసం ఉందేటి?"

డ్రైవరు నవ్వేసి బండి ముందుకు లాగాడు. తెర మీద అంకెలు గబగబా పరిగెత్తి నలభై ఒకటి దగ్గర ఆగాయి. అవి కుదురుకునే దాకా ఆగి, మీట నొక్కి, చీటీ చింపి కిటికీలోంచి అందించింది. పొద్దున్న ఆరు నుంచి ఇది పదకొండో బండి. బొగ్గు, బొగ్గు, ఎరువు, బొగ్గు.

పోర్టు దగ్గర బొగ్గు యార్డులో ఆ కాటా గది నిండా ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక మనిషి పడతారు. రెండో మనిషి వస్తే మొదటి మనిషి నిలబడాలి. కిటికీ అద్దం మీద నల్లటి దుమ్ము రోజుకు రెండు పూతలు పడుతుంది. గౌరీశ్వరి అరచేతి మేర తుడుచుకుని అందులోంచే లోకాన్ని చూస్తుంది. తుడిచే గుడ్డకు ఒక అంచున జరీ ఉంటుంది. అదొక శాలువా ముక్క. దాని కథ తరవాత చెప్పుకుందాం.

ఆవిడకు నలభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. జుట్టు బిగించి ముడేసుకుని పైన రుమాలు కట్టుకుంటుంది. ఎంత తోమినా గోళ్ళ మూలల్లో నలుపు పోదు. అంకెలు చూసీ చూసీ కుడికన్ను కొంచెం ముడుచుకుపోయింది, ఎదుటివాళ్ళకు అది వెటకారంలా కనిపిస్తుంది. కొన్నిసార్లు వెటకారమే. ఇరవై రెండేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. ఈలోగా అయిదుగురు కాంట్రాక్టర్లు మారారు, కుర్చీ మాత్రం మారలేదు. పెళ్ళయిన పదకొండో నెలలో పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఎందుకని ఎవరైనా అడిగితే "కాటాకి సరిపోలేదు" అంటుంది. అంతకుమించి ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

ఇవాళ మాత్రం ప్రతి రెండు బండ్లకూ ఒకసారి ఫోను వైపు చూస్తోంది. అయిదుంబావుకు ఇంట్లో బయలుదేరుతుండగా ఉత్తరం వచ్చింది. ఆమె పంపిన యాప్‌ను స్టోరు వాళ్ళు పరీక్షించారు, తప్పులేమీ లేవు, ధర పెట్టి విడుదల చేసుకోవచ్చు. నాలుగేళ్ళ పని. పాత ల్యాప్‌టాపు మీద, సగం మీటలకు అక్షరాలు అరిగిపోయిన దాని మీద, డ్యూటీ దిగాక రోజుకు రెండు గంటలు. డాబాగార్డెన్స్‌లో ఎప్పుడో చేసిన ఆరు నెలల కంప్యూటరు కోర్సు, కాటా కంప్యూటరు చెడిపోయినప్పుడల్లా వచ్చే మెకానిక్కు వెనక నిలబడి చూసింది, మిగతాది వీడియోలు. ఇదీ ఆమె చదువు.

యాప్ పేరు "నాలుగున్నర".

నాటకాల వాళ్ళకు, భజనల వాళ్ళకు శ్రుతి అంకెల్లోనే ఉంటుంది. హార్మోనియం మీద తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు. వాటి మధ్య నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. మూడున్నర లేదు. మూడున్నర పట్టమన్నవాడు హార్మోనియం ముఖం చూడలేదని లెక్క. అయితే ఇప్పుడు భజనల్లోకి కీబోర్డులు వచ్చాయి. పాడేవాడు "నాలుగున్నర పట్టు బావా" అంటాడు, వాయించేవాడు ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ ఉంటాడు. ఈలోపు పల్లవి అయిపోతుంది. గౌరీశ్వరి యాప్‌లో శ్రుతి అంకె నొక్కి, వరస తాలూకు స్వరాలు నొక్కితే, ఏ మూడు మెట్లు కలిపి పట్టాలో బొమ్మ గీసి చూపిస్తుంది. కీబోర్డు వాళ్ళు కార్డ్ అనేదాన్ని ఆమె తండ్రి చలమయ్య గుత్తి అన్నాడు. మూడు మెట్లు కలిస్తే గుత్తి. అందులో రెండు రకాలు, నవ్వు గుత్తి, ఏడుపు గుత్తి. యాప్‌లో కూడా అవే పేర్లు.

పిన్ని కొడుకు సాయిశంకర్ ఋషికొండ దగ్గర సాఫ్ట్‌వేరు కంపెనీలో పని చేస్తాడు. మొదటిసారి చూసినప్పుడు తల పట్టుకున్నాడు. "నాలుగున్నర అంటే రేటింగ్ అనుకుంటారక్కా."

"అనుకోనీ. అయిదుకి నాలుగున్నరంటే తక్కువేటి?"

ఎనిమిదిన్నరకు వాడే ఫోను చేశాడు. కాటా మీద బండి లేదు. గౌరీశ్వరి టీ మూత తీసింది.

"అక్కా, ధర దగ్గర జాగర్త. నలబై తొమ్మిది ఎట్టు. లేదంటే ఫ్రీ ఎట్టీసి యాడ్స్ ఎట్టు. జనం డబ్బులిచ్చి కొనరు."

"యాడ్సా? వరస మజ్జిలో పప్పునూనె డబ్బా వచ్చి నిలబడితే పాడీవోడు ఏటి సేత్తాడు, నూనె పోసుకుంటాడా?"

"పోనీ తొంబై తొమ్మిది."

"అది సెప్పుల కొట్టు ధర. నాను నూటపదహారు ఎడతాను."

"నూటపదహారా? పెళ్ళిలో సదివింపులేటి అక్కా!"

"అవును. సదివింపులే."

"నవ్వుతారే."

"నవ్వు గుత్తి కూడా ఉంది అందులో," అని ఫోను పెట్టేసింది.

పెట్టేసిందే గాని టీ తాగకుండానే మూత మళ్ళీ బిగించింది. వాడు తెలియక చెప్పడం లేదు. స్టోరులో ధర పేజీ తెరిస్తే రెండే గళ్ళుంటాయి. ఉచితం అనేది ఒకటి, ధర అనేది రెండోది. కింద చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక. ఒకసారి ఉచితంగా విడుదల చేస్తే ఆ యాప్‌కు ఇక ఎప్పటికీ ధర పెట్టడం కుదరదు. ధర నుంచి ఉచితానికి దిగవచ్చు, ఉచితం నుంచి మళ్ళీ ఎక్కలేరు. ఆ వాక్యాన్ని ఆమె వారం రోజులుగా చదువుతోంది. చదివినప్పుడల్లా తండ్రి ముఖం గుర్తొస్తుంది.

చలమయ్య పోర్టులో రోజుకూలీ కలాసీ. ఓడ వస్తే పని, లేకపోతే లేదు. ఆనందపురం పక్క పల్లె నుంచి భుజాన హార్మోనియంతో వచ్చి కంచరపాలెంలో దిగాడు. యాభై ఏళ్ళు పద్యనాటకాలకు శ్రుతి పెట్టాడు. రాజు వేషగాడికి వెయ్యి, రాణి వేషానికి ఎనిమిది వందలు. హార్మోనిస్టుకు మాత్రం, ఆయన మనవాడే కదా, కళాసేవ కదా అని చివర్లో స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పేవాళ్ళు. గౌరీశ్వరికి తొమ్మిదేళ్ళప్పుడు, ఓడలు రాని ఒక నెలలో, తండ్రి శాలువా కప్పుకుని తెల్లారి ఇంటికి వచ్చాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆ జరీ అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "దీన్నేటి ఎసట్లో పొయ్యమంటావా?" అంది. తండ్రి దాన్ని మడిచి దండెం మీద వేసి పడుకున్నాడు. గౌరీశ్వరికి మాత్రం ఆ కోపం అప్పుడు అంటుకున్నది మళ్ళీ ఆరలేదు.

ఇంట్లో శాలువాలు అరవై మూడు. ఒకటి బాత్రూము తలుపుకు తెర. ఒకటి గ్యాసు బండకు గౌను. పక్కింటి తవిటమ్మ మనవడికి పురిటి నుంచి పొత్తిగుడ్డలు అవే. అన్నిటికన్నా బాగున్నది హార్మోనియం మీద కప్పి ఉంటుంది. అన్నిటికన్నా పాడైనది ఈ కాటా గదిలో అద్దం తుడుస్తుంది.

తొమ్మిదింబావుకు ఎల్లారావు బండి వచ్చింది. హారను ఒకటిన్నర శ్రుతి, శుద్ధంగా ఉంటుంది. దాన్ని అతనే వెతికి మరీ కొనుక్కున్నాడు. ఎల్లారావుది పెందుర్తి. ఎరువుల లారీ నడుపుతాడు, శనివారాలు భజనలో కీబోర్డు వాయిస్తాడు. పరీక్షకు ఇచ్చిన యాప్‌ను ఆరు నెలలు వాడి తప్పులు పట్టింది ఇతనే. మొదటి తప్పు కూడా ఇతని ఫోనులోనే బయటపడింది. చలమయ్యకు సగం అంటే రెండు నిలువు గీతలు, పాతకాలపు లెక్కల అలవాటు. కూతురికి నేర్పడానికి మెట్ల మీద గోళ్ళ రంగుతో అంకెలు రాసినప్పుడు నాలుగున్నరను 4॥ అనే రాశాడు. గౌరీశ్వరి యాప్‌లో కూడా అలాగే పెట్టింది. ఎల్లారావు ఫోను చేసి, "అక్కా, నాలుగు వందల పదకొండో శ్రుతి ఏటి? నా బోర్డు మీద అరవై ఒక్క మెట్లే ఉన్నాయి," అన్నాడు. చలమయ్య రెండు రోజులు అలిగాడు. చివరికి యాప్‌లో 4½ అయింది. హార్మోనియం మీద మాత్రం 4॥ అలాగే ఉంది.

ఎల్లారావు చీటీ కోసం కిటికీ దగ్గరికొచ్చాడు. "వచ్చీసిందటగా అక్కా? లింకు పంపీ."

"పంపుతాను. నూటపదహారు."

"నాకూనా?"

"నీకే ముందు."

అతను తల గోక్కున్నాడు. "ఆరు నెల్లు ఊరికే వాడీసాను కదక్కా. ఇప్పుడు డబ్బులంటే మనసు ఒప్పదు." అబద్ధమాడే మనిషి కాదు. చీటీ జేబులో పెట్టుకుని, "సూత్తాను," అని బండెక్కాడు. బండి వెళ్ళిపోతూ ఒకటిన్నరలో హారను కొట్టింది. గౌరీశ్వరికి నోట్లో టీ చేదెక్కింది. ఇతనే ఒప్పుకోకపోతే ఇంకెవరు కొంటారు?

పది దాటాక సన్యాసిరాజు మాస్టారి ఫోను. రిటైరైన తెలుగు మాస్టారు, కళాసమితి అధ్యక్షుడు. అరవై మూడు శాలువాల్లో పంతొమ్మిది ఆయన చేతి మీదుగా వచ్చినవే.

"అమ్మా గౌరీ, శుభవార్త విన్నాను. ఈ సాయంత్రం ఆరింటికి మన సభ ఉంది కదా. నీకు సన్మానం ప్రకటించేశాను. మూడు వందల మంది కళాకారులు వస్తారు. వేదిక మీదే అందరికీ ఉచితంగా అంకితం చేసేద్దాం. నాన్నగారి పేరు నిలబడుతుంది."

"ఉచితమా మాస్టారూ?"

"కళకు వెల కట్టకూడదమ్మా. సరస్వతిని అమ్ముకుంటామా?"

"హాలు అద్దె కడతన్నారు గదా మాస్టారూ. మైకు అద్దె? కుర్చీలు?"

"అవి వేరు."

"శాలువా కూడా కొనే ఉంటారు."

"మంచిదే కొన్నాను, నీకోసం. నాలుగు గంటల్లోపు చెప్పు తల్లీ, కరపత్రంలో ఉచితం అని వేయించాలి." ఆయన గొంతులో కపటం లేదు. అదే ఇబ్బంది. ఆ మనిషి నిజంగానే ప్రేమగా అడుగుతాడు. చలమయ్య కూడా ఆ ప్రేమకే యాభై ఏళ్ళు తల వంచాడు.

తరవాత గంటన్నరలో తొమ్మిది బండ్లు. గౌరీశ్వరి చీటీలు చింపుతూనే ఉంది. మూడు వందల మంది. ఉచితమైతే మూడు వందల ఫోన్లలో సాయంత్రానికే ఉంటుంది. ధరైతే మూడు ఫోన్లలో కూడా ఉండకపోవచ్చు. నాలుగేళ్ళ పని ఎవరూ ముట్టని బండలా పడి ఉంటుంది. అప్పుడు సాయిశంకర్ జాలిపడతాడు, మాస్టారు నిట్టూరుస్తారు. మూడు వందలా, మూడా? కాటా మీదైతే బరువు ఎటుందో అంకె చెప్పేస్తుంది. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు.

పన్నెండుకు భోజనం విరామం. డబ్బా విప్పకుండా ఫోను తీసింది. రెండో గడి నొక్కి 116 కొట్టింది. స్టోరు పన్ను కలిపి నూట ముప్పై ఆరు రూపాయల ఎనభై ఎనిమిది పైసలని చూపించింది. "నీ దుంప తెగ," అంది గౌరీశ్వరి పైకే. నూట ముప్పై ఆరు రూపాయల ఎనభై ఎనిమిది పైసలు ఎవడైనా తాంబూలంలో పెడతాడా? పావుగంట తంటాలు పడితే లోపల ఎక్కడో ఇంకో గడి దొరికింది, కొనేవాడికి కనిపించే ధర అక్కడ విడిగా కొట్టుకోవచ్చు. పన్ను తన వాటాలోంచే పోతుంది. పోనీ. కనిపించే అంకె మాత్రం నూటపదహారే ఉండాలి. నొక్కింది. ఒక చక్రం తిరిగి, "విడుదలైంది" అని వచ్చింది. లోకంలో ఏమీ మారలేదు. బయట పొక్లెయినరు బొగ్గు ఎత్తి పోస్తూనే ఉంది.

తండ్రికి ఫోను చేసింది. ఆయనది మీటల ఫోను. ఏడో మోతకు ఎత్తాడు.

"నానా, ఎట్టీసాను."

"ఎంత ఎట్టినావు?"

"నూటపదహారు."

అవతల ఊపిరి సన్నగా ఈల వేసింది. ఆయనకు డెబ్బై తొమ్మిది. ఈ మధ్య మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందుకోవాలి. వారం నుంచి ఎడమ భుజం లాగుతోందంటే నూనె రాయించుకుంటున్నాడు, ఆసుపత్రికి రమ్మంటే రాడు.

"మేస్టారు ఫ్రీ ఎట్టమన్నారు," అంది గౌరీశ్వరి. "శాలువా కప్పుతారట. శంకర్‌గాడు నలబై తొమ్మిదంటన్నాడు. ఎల్లారావు కూడా సూత్తానన్నాడు గానీ కొంటానననేదు. దిగీమంటావేటి నానా?"

"ఒలే గుంటా," అన్నాడు చలమయ్య. "నాలుగున్నర నవ్వు గుత్తి ఏటి, సెప్పు."

"నాలుగున్నర, ఆరున్నర, ఒకటిన్నర. మూడూ నల్లమెట్లే."

"ఏడుపు గుత్తి?"

"మజ్జిలోది ఆరున్నర కాదు, ఆరు."

"అంతే గదా. ఒక్కటి, అర మెట్టు దిగితే నవ్వు కాస్తా ఏడుపైపోద్ది. నువ్వు దిగకు." మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. "నానెప్పుడూ అడగనేదే. అడిగితే సిన్నతనం అనుకున్నాను. మీ అమ్మ అడగమనే సెప్పీది. నువ్వడిగినావు. బాగుంది. బాగుందే గుంటా."

"బోణీ అయితే ఫోన్ సేత్తాను."

"బోణీ అవుద్దిలే. తిను ముందు," అని ఆయనే పెట్టేశాడు.

గౌరీశ్వరి డబ్బా విప్పి వంకాయ కూర, అన్నం తింది. ఆకలి దంచేస్తోందని అప్పుడే తెలిసింది. ఎల్లారావుకు లింకు పంపింది. మాస్టారికి రెండు ముక్కల సందేశం పంపింది. "ఉచితం కాదు మాస్టారూ. సన్మానం వద్దు. నూటపదహారు." పంపాక ఒళ్ళు తేలికైంది. ఒంటిగంట, ఒంటిగంటన్నర. అమ్మకాల గడిలో సున్నా. రెండింటికి రెండో షిఫ్టు మనిషి వచ్చాడు. అప్పటికీ సున్నాయే. పోనీ సున్నా. ఊరికే మూడు వందల కన్నా తన సున్నాయే మేలనుకుంది. అలా అనుకోవడంలో సగం మొండితనం, సగం భయం. అది ఆమెకూ తెలుసు.

బస్సు దిగి సందులోకి మలుపు తిరిగేసరికి రెండూముప్పావు. తవిటమ్మ మెట్ల కింద చేపలు తోముకుంటోంది. మధ్యాహ్నాలు చలమయ్యను ఓ కంట కనిపెట్టి ఉండేది ఈవిడే.

"మీ నానకేటొచ్చిందే ఇయ్యాళ?" అంది నవ్వుతూ. "ఒంటిగంటప్పుడు కేకేసి తవలపాకు ఉందేటి అన్నాడు. ఇచ్చాను. మళ్ళీ కేకేసి రూపాయి బిళ్ళ ఉందేటి అన్నాడు. అదీ ఇచ్చాను. పండగేటే మీ ఇంట్లో?"

"నాకు తెల్దు పిన్నీ," అని మెట్లెక్కింది గౌరీశ్వరి.

చలమయ్య కిటికీ పక్క వైరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తల గోడకు ఆనించి, కాళ్ళు చాపుకుని, కుడిచెయ్యి ఒళ్ళో బోర్లా పెట్టుకుని. వేళ్ళు మెట్లు పట్టినట్టే కొంచెం వంగి ఉన్నాయి. ఉతికిన పంచె కట్టుకున్నాడు. తల దువ్వుకున్నాడు. నిద్రపోతున్నాడనుకుని ఆమె సంచి చప్పుడు కాకుండా కింద పెట్టింది, మంచినీళ్ళు తాగింది. గ్లాసు దింపాక గదిలో ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఆయన ఊపిరికి ఒక చిన్న ఈల ఉంటుంది. అది లేదు.

చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

సందు చివర క్లినిక్కు డాక్టరు వచ్చి, గుండె అన్నాడు, గంట పైనే అయి ఉంటుందన్నాడు, నొప్పి తెలిసి ఉండదన్నాడు. సాయిశంకర్ బయలుదేరానని ఫోను చేశాడు. తవిటమ్మ చేపలు అలాగే వదిలేసి వచ్చి, "ఓలమ్మో, ఇప్పుడే గదే మాటాడినాడు," అని గుండెలు బాదుకుంది. గౌరీశ్వరి ఏడవలేదు. చాప పరిచింది, దీపం పెట్టింది, ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పింది. రేపు పొద్దున్న తీసుకెళ్ళాలి, డ్యూటీకి రాలేనని కాంట్రాక్టరుకు చెప్పింది. కుండ ఎవరు పడతారని పెద్దలెవరో గొణిగితే, "నాను," అంది.

అయిదున్నరకు సన్యాసిరాజు మాస్టారు వచ్చారు. వెంట సమితి వాళ్ళు నలుగురు. మాస్టారి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, నిజంగానే ఏడ్చిన మనిషి. చేతిలో పెట్టె. అందులోంచి శాలువా తీశారు. మెరూన్ రంగు, వెడల్పాటి జరీ, మడత విప్పని కొత్త వాసన. ఒకతను ఫొటో తియ్యడానికి ఫోను ఎత్తాడు.

"యాభై ఏళ్ళు కళామతల్లికి సేవ చేసిన..." అంటూ మాస్టారు వంగారు.

గౌరీశ్వరి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు మాస్టారూ."

"అమ్మా, కోపం తరవాత. ఇది గౌరవం."

"ఇది నాకోసం కొన్నది గదా మాస్టారూ. నాను ఒద్దన్నాను గదా."

"నీకు కాకపోతే ఆయనకు..."

"ఆయనకి అరవై మూడున్నాయి. అరవై నాలుగోది ఒద్దు. గౌరవం అనుకుంటే, బతికున్నప్పుడు ఒక్కసారి చేతిలో నూటపదహార్లు ఎట్టుండాల్సింది." గొంతు పెంచలేదు. లారీవాడికి చక్రం ఎక్కించమని చెప్పినట్టే చెప్పింది. "పూలు ఎయ్యండి మాస్టారూ. పూలకి ఒద్దనను. ఆయనకి మీరంటే ఇష్టం."

మాస్టారు శాలువా వెనక్కి తీసుకున్నారు. వెనక ఎవరో "శవం ముందు ఇంత పొగరా" అన్నారు, అందరికీ వినిపించేలా. ఆయన అటు తిరిగి చూడలేదు. శాలువా మడత పెట్టబోయారు గాని మడత కుదరలేదు. అలాగే పెట్టెలో కుక్కేసి, గడప దగ్గరున్న పూలగంపలోంచి రెండు గుప్పిళ్ళ బంతిపూలు తీసుకుని చలమయ్య కాళ్ళ దగ్గర పోశారు. ఫొటో తీసేవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక గౌరీశ్వరి ఫోను చూసింది. మాట్లాడటానికి తప్ప మధ్యాహ్నం నుంచి దాన్ని చూడనేలేదు. మూడూపదికి ఒక కబురు వచ్చి ఉంది. యాప్ ఒకటి అమ్ముడైంది. దాని కింద ఎల్లారావు సందేశం. "అక్కా, తిరిగొచ్చీటప్పుడు అనకాపల్లి దాటాక మనసొప్పక బండాపి కొనీసాను. నవ్వు గుత్తి బాగా పని సేత్తంది. చలమయ్య బాబుకి సెప్పు బోణీ నాదేనని." అతనికి ఇంకా తెలియదు.

అప్పుడు ఏడ్చింది. నోరు మూసుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. మూడూపది. అప్పటికి ఆయన పోయి గంట దాటింది. ఒక్కటంటే ఒక్కటి, రెండు గంటల ముందు పడి ఉంటే చెప్పేది. "నానా, బోణీ అయింది" అనేది. నాలుగేళ్ళలో ఇంకేమీ కోరలేదు.

తవిటమ్మ వీపు నిమిరింది. "ఊరోళ్ళు వత్తారే, చాపలెయ్యాలి. ఆ పెట్టె కొంచెం జరుపు," అంది హార్మోనియం చూపిస్తూ.

గౌరీశ్వరి ముక్కు తుడుచుకుని లేచింది. హార్మోనియం మీద కప్పిన శాలువా ఎప్పుడూ ఉండేలా లేదు. అంచులు సమంగా లాగి, నాలుగు మూలలా సర్ది ఉంది. ఆయన అంత పద్ధతిగా ఎప్పుడూ కప్పడు. ఆమె దాన్ని తీసింది. కింద మెట్ల మీద, చలమయ్య చేతి గోళ్ళరంగు అంకెల మీద, తొడిమె ఆమె కూర్చునే వైపుకు తిప్పి పెట్టిన తమలపాకు ఉంది.

స్టోరు లెక్కలో ఒకటి అని ఉంది. ఆ లెక్క తప్పు. రెండు. బోణీ ఒంటిగంటకే అయిపోయింది.

ఆకు అంచులు అప్పటికే వాడాయి. దాని మీద నిలువుగా మడిచిన వందనోటు, ఒక పదినోటు, ఒక అయిదు రూపాయల బిళ్ళ. వాటికి కాస్త ఎడంగా, 4॥ అని రాసిన నల్లమెట్టు మీద, తవిటమ్మ ఇచ్చిన రూపాయి బిళ్ళ.